చేత్తో వడికిన ఊలుతో జడల టోపీ అల్లడం ఎలా

దసరా దాటితే చాలు, నా ఫోన్‌కి వచ్చే ప్రశ్న ఒక్కటే. "అబ్బాయికి లేహ్‌లో పోస్టింగ్ పడిందమ్మా, ఆ మెలికల టోపీ ఎలా అల్లాలో చెప్తావా?" మన విజయనగరం, శ్రీకాకుళం వైపు సైన్యంలో పిల్లలున్న ఇళ్లు చాలా. చలేమో మనకి ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు, అంతే. అందుకే ఇక్కడ టోపీ అడిగేవాళ్లు ఎక్కువ, అల్లడం వచ్చినవాళ్లు తక్కువ. ఫోన్‌లో "మూడు కుట్లు పక్కన పెట్టు, ముందుకి... కాదు కాదు, నీ వైపుకి" అని చెప్పీ చెప్పీ గొంతు పోతోంది. అందుకని మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

మీకు కుట్లు ఎక్కించడం, నిట్, పర్ల్ వచ్చనుకుని రాస్తున్నాను. రాకపోతే ముందు ఒక మఫ్లర్ అల్లి రండి. టోపీ ఎక్కడికీ పోదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. మిల్లు ఊలుకి రాసిన కుట్ల లెక్క చేత్తో వడికిన ఊలుకి పనికిరాదు. నా మొదటి టోపీకి పుస్తకంలో 120 కుట్లు అని ఉంటే కళ్లు మూసుకుని 120 వేశాను. నా ఊలేమో ఆ పుస్తకం ఊలు కంటే బాగా లావు. పూర్తయ్యాక మా అత్తగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని "ఇదేటమ్మా, టోపీయా గంపా?" అన్నారు. ఆ గంపలో ఇప్పుడు ఊలు ఉండలు దాచుకుంటున్నాను. కింద నేను రాసే 112 కూడా నా ఊలు లెక్కే. మీ లెక్క ఎలా తీయాలో రెండో మెట్టులో ఉంది. దాన్ని మాత్రం దాటేయకండి.

ఏ ఊలు?

మన దగ్గర మందల్లో కనిపించే గొర్రెల్లో ఎక్కువ వాటికి ఒంటిమీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. అవి మాంసానికి పెంచే గొర్రెలు. దక్కను గొర్రెల ఉన్ని ఉంది గానీ అది గొంగళికి బాగుంటుంది, నుదుటికి గుచ్చుకుంటుంది. కాబట్టి కులూ వైపు నుంచో ఉత్తరాఖండ్ నుంచో చేత్తో వడికిన ఊలు తెప్పించుకోవడమే దారి. లేదా ఏకులు తెప్పించుకుని మీరే వడుక్కోవచ్చు. రెండు పేటలు కలిపి పేనినది తీసుకోండి. ఒంటి పేట ఊలు చవగ్గా దొరుకుతుంది గానీ, పురి మిగిలిపోయి ఉంటే అల్లినది ఒక పక్కకి ఒరిగిపోతుంది. జడలన్నీ టోపీ చుట్టూ వాలుగా పాకుతాయి.

రంగు లేతది ఎంచుకోండి. గోధుమ, తేనె, బూడిద, మీగడ రంగుల్లో మెలి బాగా కనపడుతుంది. నల్ల ఊలు మీద పడ్డ శ్రమంతా చీకట్లో కట్టిన ముగ్గే.

ఇక అందరూ అడిగే రెండో ప్రశ్న: "పక్కనే ఖద్దరు నేసే పొందూరు పెట్టుకుని ఊలెందుకు? ఆ నూలుతో అల్లకూడదా?" పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి తీసే ఆ నూలంటే నాకూ ముద్దే. కానీ అది నేతకి పుట్టిన నూలు. నూలు ఎంత సన్నమైతే నంబరు అంత పెద్దది. నూరో నంబరు నూలు గ్రాముకి దాదాపు 169 మీటర్లు వస్తుంది. మన టోపీ ఊలు గ్రాముకి 2 మీటర్లు. అంటే 80 పోగులకు పైగా కలిపితే గానీ ఈ మందం రాదు. కలిపినా పత్తికి సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ. జడలు బరువెక్కి, టోపీ నాలుగు రోజుల్లో చెవుల మీదికి జారుతుంది. చలి కూడా ఊలు ఆపినట్టు ఆపదు.

పొందూరు రాట్నం మీద ఊలు వడుకుదామనుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఆ కదురు సన్నటి పత్తికి తగ్గట్టు జోరుగా తిరుగుతుంది. ఊలు దాని మీద పురెక్కిపోయి తాడైపోతుంది. ఊలుకి కాస్త బరువున్న తకిలి, అంటే చేత్తో తిప్పే కదురు, మేలు. నిలబడి, నెమ్మదిగా.

కావలసినవి

- రెండు పేటల ఊలు 100 నుంచి 120 గ్రాములు. పొడవులో చెప్పాలంటే 200 నుంచి 240 మీటర్లు. జడలు ఊలు బాగా తింటాయి. సాదా టోపీకి సరిపోయిన ఊలు దీనికి చాలదు.
- 4 మి.మీ. సర్క్యులర్ సూది, 40 సెం.మీ. పొడవుది. అంచుకి అదే పొడవులో 3.25 మి.మీ. సూది ఇంకొకటి.
- నడినెత్తి దగ్గర అల్లడానికి 4 మి.మీ. రెండు మొనల సూదులు, అయిదు.
- మెలికి చిన్న సూది. షాపులో దొరక్కపోతే కొబ్బరి ఈనె వేలంత ముక్క విరిచి, గరుకు కాగితంతో రుద్ది, రెండు కొసలూ కాస్త చెక్కండి. నేను ఏళ్లుగా దానితోనే అల్లుతున్నాను. ఊలుకి కొంచెం గరుకుగా పట్టుకుంటుంది కాబట్టి జారిపడదు కూడా.
- గుర్తుకి వేరే రంగు దారం ముడి ఒకటి, పిన్నీసులు నాలుగు, మొద్దు మొన దబ్బనం, టేపు, తెల్ల కుట్టుదారం.

సూదులు కొనేటప్పుడు నంబరు చూసి మోసపోకండి. మన ఫ్యాన్సీ షాపుల్లో 8 నంబరు అడిగితే 4 మి.మీ. ఇస్తారు, 10 నంబరు 3.25 మి.మీ. కానీ అమెరికా లెక్కలో 8 నంబరంటే 5 మి.మీ. వీడియో చూసి నంబరు రాసుకుని కొనుక్కొచ్చినవాళ్ల టోపీలు తలకి ఎందుకు నిలవట్లేదంటే కారణం ఇదే. ఎప్పుడూ మిల్లీమీటర్లే అడగండి.

సర్క్యులర్ సూది దొరకలేదా? మామూలు జంట సూదుల మీద బల్లపరుపుగా అల్లి చివర కుట్టుకోవచ్చు. అప్పుడు రెండు కుట్లు ఎక్కువ వేసుకోండి, కుట్టులో పోతాయి. వెనక వరసలో సూత్రం ఒక్కటే: ఎదురుగా నిట్‌లా కనపడితే నిట్, పర్ల్‌లా కనపడితే పర్ల్.

1. ఊలుని పరీక్షించి, తడిపి, ఆరబెట్టండి

చిలప (చుట్టగా కట్టి వచ్చే ఊలు) విప్పి వేలికి తగిలించి వదలండి. నిటారుగా వేలాడితే పురి సమంగా ఉన్నట్టు. తనంతట తనే మెలితిరిగి తాడులా చుట్టుకుంటే పురి మిగిలి ఉందన్నమాట. ఏదైనా సరే, ముందు చిలపని నాలుగు చోట్ల వదులుగా దారంతో కట్టండి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి 20 నిమిషాలు నానబెట్టండి. పిసకొద్దు, తిప్పొద్దు, వేడి నీళ్లు వద్దు. ఈ మూడూ కలిస్తే ఊలు అట్టకట్టేస్తుంది. అట్టకట్టిన ఊలుని మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. తువ్వాల్లో చుట్టి నొక్కి నీళ్లు తీసి, నీడలో దండెం మీద వేయండి. బరువు కట్టొద్దు. సముద్రం పక్క ఊళ్లలో గాలి తేమకి రెండు రోజులు పడుతుంది. తొందరపడి ఎండలో పెట్టకండి.

మందం చూడాలంటే స్కేలు మీద ఊలుని లాగకుండా పక్కపక్కనే చుట్టండి. అంగుళంలో 9 చుట్లు పడితే నా ఊలుతో సమానం. 8 నుంచి 10 మధ్య ఉన్నా ఫరవాలేదు. చేత్తో వడికినది కాబట్టి ఒక్కచోట చూస్తే చాలదు, చిలపలో మూడు నాలుగు చోట్ల చూడండి. ఒక చిలప సన్నం, ఒకటి లావు అనిపిస్తే రెండు ఉండలు పెట్టుకుని రెండేసి చుట్లు మార్చి మార్చి అల్లండి. తేడా టోపీ అంతా పంచుకుంటుంది, నడుమ గీత కనపడదు.

2. నమూనా ముక్క అల్లి మీ లెక్క తీయండి

28 కుట్లు వేయండి. అంచు కుట్టు 1, పర్ల్ 2, ఆ తర్వాత (నిట్ 6, పర్ల్ 2) మూడుసార్లు, అంచు కుట్టు 1. మూడో వరసలో, ఆపైన ప్రతి ఆరో వరసలో (9, 15, 21) మెలి వేస్తూ 24 వరసలు అల్లండి. మెలి ఎలా వేయాలో అయిదో మెట్టులో ఉంది. ముక్కని తడిపి ఆరబెట్టండి. ఆరాకనే కొలవాలి. చేతి ఊలు నీళ్లు తాకాక ఉబ్బుతుంది, తడపక ముందు కొలత అబద్ధం.

మొదటి జడ ఎడమ అంచు నుంచి మూడో జడ ఎడమ అంచు దాకా కొలవండి. అందులో సగం ఒక జడ వెడల్పు, దాని పక్క పర్ల్ రెండూ కలిపి. నాది 3.5 సెం.మీ. వచ్చింది.

ఇప్పుడు తల చుట్టుకొలత తీసుకోండి, నుదుటి మీదుగా చెవుల పైనుంచి. అందులో పదో వంతు తీసేయండి, టోపీ పట్టుకోవాలి కాబట్టి. తల 56 అనుకుందాం. పదో వంతు పోతే 50.4. దాన్ని 3.5తో భాగిస్తే 14.4. చిల్లర వదిలేయండి, 14 జడలు. జడకి 8 కుట్లు, మొత్తం 112.

మీ జడ వెడల్పు 4 సెం.మీ. వస్తే 12 జడలు, 96 కుట్లు. 3.2 వస్తే 15 జడలు, 120 కుట్లు. చిల్లర ఎప్పుడూ కిందికే వదలండి. ఊలు సాగుతుంది, వదులైన టోపీ బిగియదు. నా గంపకి లెక్క వేసి ఉంటే 96 వచ్చేది.

ఈ ముక్కకి గంటన్నర పడుతుంది. "అంత ఓపిక లేదు" అంటారని తెలుసు. ఓపిక లేనివాళ్లే రెండు టోపీలు అల్లుతారు, ఒకటి విప్పడానికి.

3. కుట్లు ఎక్కించండి

3.25 మి.మీ. సూదికి 112 కుట్లు, వదులుగా. చేయి బిగువున్నవాళ్లు రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద ఎక్కించండి, తర్వాత ఒకటి లాగేయండి. తోక పోగు 2 మీటర్లు వదులుకోండి. నూట పది కుట్లు వేశాక తోక అయిపోతే వచ్చే కోపం మామూలుగా ఉండదు.

చుట్టు కలిపే ముందు సూదిని బల్ల మీద పెట్టి కుట్ల అడుగు అంచు మొత్తం లోపలి వైపే ఉందా చూడండి. ఒక్కచోట మెలి పడినా మొదటి చుట్టులో తెలియదు, నాలుగు చుట్లయ్యాక తెలుస్తుంది. అప్పుడు విప్పడం తప్ప మార్గం లేదు. కలిపిన చోట రంగు దారం ముడి తగిలించండి.

4. అంచు

నిట్ 2, పర్ల్ 2 చొప్పున 6 సెం.మీ. అల్లండి. మడత అంచు కావాలంటే 12. లేహ్ లాంటి చోటికైతే మడతే మంచిది, చెవుల మీద రెండు పొరలు పడతాయి.

ఈ అంచుకి ఒక సుఖం ఉంది. నిట్ 2, పర్ల్ 2, నిట్ 2 ఉన్న ఆరు కుట్లే పైన జడ అవుతాయి, మిగిలిన పర్ల్ 2 అలాగే పైకి సాగుతుంది. జడ అంచులోంచే మొలిచినట్టు ఉంటుంది.

5. జడలు

4 మి.మీ. సూదికి మారండి. ఆరు చుట్లు ఒక వంతు.

చుట్టు 1, 2: (నిట్ 6, పర్ల్ 2) చివరిదాకా.

చుట్టు 3: మెలి చుట్టు. మూడు కుట్లు అల్లకుండా ఈనెకి ఎక్కించి మీ వైపుకి, అంటే ముందుకి వదిలేయండి. తర్వాతి మూడు కుట్లు నిట్ అల్లండి. ఇప్పుడు ఈనె మీది మూడూ నిట్ అల్లండి. పర్ల్ 2. ఇలా 14 సార్లు.

చుట్టు 4, 5, 6: మళ్లీ (నిట్ 6, పర్ల్ 2).

ఈ వంతు 5 సార్లు, మొత్తం 30 చుట్లు. నా ఊలులో అది పదిన్నర సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది. తల పొడుగైతే ఇంకో వంతు కలపండి, రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది.

ఈనె ముందుకి పెడితే జడ ఎడమకి వాలుతుంది, వెనక్కి పెడితే కుడికి. ఏదైనా తప్పు కాదు. ఒక జడలో ముందుకీ వెనక్కీ కలిపేయడమే తప్పు. నిజానికి ఇది జడ కూడా కాదు, రెండు పాయల తాడు పేనడమే. మూడు పాయల అసలు జడ కావాలంటే 9 కుట్లతో ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి మార్చి వేయాలి. మొదటి టోపీకి దాని జోలికి పోకండి.

మెలి వేసేటప్పుడు మొదటి కుట్టు దగ్గర ఊలుని కాస్త బిగించి లాగండి. లేకపోతే అక్కడ సందు పడుతుంది. అలాగని ఈనె మీది కుట్లని గట్టిగా లాగకండి. చేత్తో వడికిన ఊలులో ఎక్కడో ఒకచోట పురి తక్కువైన సన్నటి జాగా ఉంటుంది, అక్కడ ఫట్‌మని తెగుతుంది. అల్లుతూ వస్తుంటే అలాంటి జాగా కంటపడుతుంది, మిగతా ఊలు కంటే మెత్తగా, దూదిలా ఉంటుంది. అది మెలి చుట్టులోకి వచ్చేలా ఉంటే అక్కడ తెంపేసి అతికించుకోవడం మేలు. రెండు కొసల్నీ చెరో అరచేయి పొడవున ఒక పేట తీసేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నీళ్లతో తడిపి అరచేతుల మధ్య వేడెక్కేదాకా రుద్దండి. అతుక్కుపోతుంది, ముడి అక్కర్లేదు. నీళ్లు దూరంగా ఉంటే ఉమ్మి చాలు, ఎవరికీ చెప్పకండి. మిషన్ వాష్ అని రాసిన ఊలుకి మాత్రం ఇది పనిచేయదు.

చెమట గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లో అక్టోబరు మధ్యాహ్నాలు ఊలు పట్టుకుంటే అరచేతులు చెమర్చి, కుట్లు సూది మీద కదలవు. పౌడరు రాసుకోకండి, ఊలుకి అంటుకుంటుంది. పొద్దున్నే అల్లండి, లేదా వెదురు సూది మాని స్టీలుది వాడండి. విజయనగరం సిరిమాను పండగ అయిన వారం మొదలుపెడితే, రోజుకి గంట చొప్పున, ధనుర్మాసానికి ముందే టోపీ చేతికొస్తుంది.

6. నడినెత్తి ముందు ఒక రక్షణ దారం

30 చుట్లు అయ్యాక తెల్ల కుట్టుదారాన్ని దబ్బనంతో సూది మీదున్న కుట్లన్నిటిలోంచీ ఒకసారి తీసి వదిలేయండి. పైన తప్పు జరిగితే విప్పడం ఈ దారం దగ్గర ఆగుతుంది. మిల్లు ఊలు పదిసార్లు విప్పినా ఏమీ అనదు. చేతి ఊలు మూడోసారికి పీచు రేగి పాడవుతుంది.

7. నడినెత్తి తగ్గింపు

కుట్లు తగ్గుతుంటే సర్క్యులర్ సూది మీద బిగుసుకుంటాయి. రెండు మొనల సూదులకి మారండి. కింద ప్రతిదీ జడ జడకీ చేయాలి. కుండలీకరణంలోది ఆ చుట్టు అయ్యాక మిగలాల్సిన మొత్తం, 14 జడల లెక్కన.

చుట్టు 1: నిట్ 6, రెండు కలిపి పర్ల్. (98)
చుట్టు 2: నిట్ 6, పర్ల్ 1.
చుట్టు 3: మూడు మీద మూడు మెలి, పర్ల్ 1.
చుట్టు 4: నిట్ 6, పర్ల్ 1.
చుట్టు 5: రెండు కలిపి నిట్, నిట్ 2, రెండు కలిపి నిట్, పర్ల్ 1. (70)
చుట్టు 6: నిట్ 4, పర్ల్ 1.
చుట్టు 7: రెండు మీద రెండు మెలి, పర్ల్ 1.
చుట్టు 8: నిట్ 4, పర్ల్ 1.
చుట్టు 9: రెండు కలిపి నిట్ రెండుసార్లు, పర్ల్ 1. (42)
చుట్టు 10: నిట్ 2, పర్ల్ 1.
చుట్టు 11: రెండు కలిపి నిట్, పర్ల్ 1. (28)
చుట్టు 12: అన్నీ రెండేసి కలిపి నిట్. (14)

మీ జడలు 12 అయితే ఈ అంకెలు 84, 60, 36, 24, 12 అవుతాయి. అంకె తప్పితే ఆ చుట్టులోనే ఆగి వెతకండి. "పైన ఎవరు చూస్తారులే" అనుకుంటే నడినెత్తిన జడలన్నీ ఒక పక్కకి కొప్పు జారినట్టు ఉంటాయి.

ఊలు 30 సెం.మీ. వదిలి తెంపి, దబ్బనంతో మిగిలిన కుట్లలోంచి రెండు చుట్లు తీసి బిగించండి. కొసని లోపలికి తీసి, పర్ల్ బుడిపెల వెంట అయిదారు సెంటీమీటర్లు దూర్చండి.

8. కడిగి ఆకారం పెట్టండి

ఊలుని నానబెట్టినట్టే టోపీనీ నానబెట్టి, తువ్వాల్లో నొక్కి, 16 సెం.మీ. అడ్డకొలత ఉన్న స్టీలు గిన్నెకి తొడగండి. అంచు భాగం గిన్నె కిందికి వదులుగా ఉండాలి. అంచుని సాగదీసి ఆరబెడితే దాని పట్టు పోతుంది. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వద్దు. జడలు అణిగిపోతే ఇంత కష్టం దేనికి?

తప్పు ఎక్కడ జరిగిందో ఎలా తెలుస్తుంది

మెలి వేసి ఎన్ని చుట్లయిందో మరిచిపోతే కాగితం వెతకనక్కర్లేదు. మెలి పడ్డచోట జడ పక్కన వేలితో నొక్కితే చిన్న సందు తగులుతుంది. దాన్ని కాస్త వెడల్పు చేస్తే లోపల అడ్డపోగులు నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. మెలి చుట్టు తర్వాతివి లెక్కపెట్టండి. 5 ఉంటే ఇప్పుడు అల్లబోయేది మెలి చుట్టు.

ఒక జడ ఎదురు దిక్కుకి తిరిగిందని నాలుగు చుట్లయ్యాక చూశారా? మొత్తం విప్పొద్దు. ఆ ఆరు కుట్లు మాత్రం సూది మీంచి వదిలి, తప్పు మెలి దాకా జార్చండి. మెలి సరిచేసి, నిచ్చెన మెట్లని కింది నుంచి ఒక్కొక్కటిగా రెండు సూదులతో మళ్లీ అల్లుకుంటూ పైకి రండి. మొదటిసారి గుండె దడదడలాడుతుంది. ఊలు గరుకు కాబట్టి కుట్లు అనుకున్నంత జోరుగా జారవు, అది మన అదృష్టం. పది చుట్లు దాటిపోయి ఉంటే వదిలేయండి. నా టోపీల్లో ఒకదానికి వెనక అలాంటి జడ ఉంది, పెట్టుకున్నవాడు ఇప్పటికీ కనిపెట్టలేదు.

కుట్లు ఒకటో రెండో ఎక్కువ వస్తున్నాయంటే చాలాసార్లు కారణం నిట్ నుంచి పర్ల్‌కి మారేటప్పుడు ఊలుని సూదుల మధ్యనుంచి ముందుకి తేకుండా సూది మీదుగా తేవడం. ఆ చోట చిన్న కన్నం ఉంటుంది. తర్వాతి చుట్టులో ఆ అదనపు పోగుని వదిలేస్తే సర్దుకుంటుంది.

జడలు చదునుగా, మెలి తెలియకుండా ఉంటే సూది మీ ఊలుకి లావైనట్టు, 3.75 మి.మీ.కి దిగండి. గట్టిగా కర్రలా ఉంటే 4.5కి ఎక్కండి. సూది మార్చారంటే రెండో మెట్టు మళ్లీ మొదటి నుంచి.

టోపీ పూర్తయ్యాక ఒక పరీక్ష: తలకి పెట్టుకుని ముందుకి వంగి కింద పడ్డ చెంచా తీయండి. టోపీ కదలకూడదు. తీశాక నుదుటి మీద అంచు గీత ఎర్రగా పడకూడదు. గీత పడితే కుట్లు బిగుతుగా ఎక్కించారని అర్థం. అడుగు అంచుని మాత్రం విప్పి వదులుగా ముగిస్తే చాలు, టోపీ అంతా విప్పనక్కర్లేదు.

పిల్లలకి, హెల్మెట్ కిందకి

తల చుట్టుకొలత 50 ఉన్న పిల్లలకి నా ఊలులో 12 జడలు, అంచు 5 సెం.మీ., ఆరు చుట్ల వంతు 4 సార్లు. చర్మం సున్నితమైన పిల్లలకి అంచు లోపల పాత బనీను గుడ్డ పట్టీ వదులుగా కుట్టండి, గుచ్చుకోదు.

హెల్మెట్ కింద పెట్టుకోవడానికైతే జడలు వద్దు. మెలి పడ్డచోట మందం రెండింతలై నెత్తి మీద ఒత్తుతుంది. అంచు మాత్రం ఇలాగే అల్లి, పైన అంతా సాదా నిట్ అల్లండి. సాదా అల్లిక జడలంత ముడుచుకోదు, కాబట్టి 96 కుట్లు చాలు. తగ్గింపు కూడా తేలిక: 8 కుట్లకి ఒకటి చొప్పున తగ్గిస్తూ, చుట్టు విడిచి చుట్టు.

పోస్టులో పంపేటప్పుడు పూర్తిగా ఆరిందో లేదో బుగ్గకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, ఇంకో రోజు ఆగండి. నాలుగు ఎండు వేపాకులు గుడ్డలో కట్టి టోపీలో పెట్టండి. మిగిలిన ఊలులో అయిదు మీటర్లు చిన్న ఉండ చుట్టి దానితోపాటే పంపండి. చేత్తో వడికిన ఊలు అదే రంగులో, అదే మందంలో మళ్లీ దొరకదు. అక్కడ ఎక్కడో ముళ్లకంపకి పట్టుకుని చిరిగితే వాడే కుట్టుకుంటాడు, లేదా సెలవుకి వచ్చినప్పుడు మీ ఒళ్లో పడేస్తాడు.